ఆదివారం వలలు

మూడో రోజు కూడా ఆల్ఫే ముసలాయన చేతులు ఆగలేదు.

వంటింటి కిటికీ పక్కన, ఒకప్పుడు కొడుకు రెయాల్ కూర్చునే కుర్చీలో కూర్చుని, రేవు వైపు చూస్తూ ఆయన వల అల్లుతున్నాడు. ఒళ్ళో పురికొస లేదు. చేతిలో చెక్క సూది లేదు. అయినా ఎడమ బొటనవేలు వల కన్ను ఎంత ఉండాలో కొలుస్తోంది, కుడి చెయ్యి దాని చుట్టూ తిరిగి ముడి వేస్తోంది. ముడి బిగిసిన ప్రతిసారీ మోచెయ్యి చిన్నగా వెనక్కి గుంజుకుంటోంది. అక్కడ ఏమీ లేదని ఆ చేతులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఆపించు," అంది ఒదిల్.

"నేనెలా ఆపించనమ్మా?" అంది మిరేయ్.

"మొదలుపెట్టించింది నువ్వు. హాలిఫాక్స్‌లో నాలుగేళ్ళు చదివి మొదలుపెట్టించడం ఒక్కటే నేర్చుకున్నావా? ఆపించడం వచ్చే ఏడు చెబుతారా?"

పొయ్యి మీద కోడి ఫ్రికో పులుసు కుతకుత ఉడుకుతోంది. ఒదిల్ దాన్ని కలపడం మానేసి గరిటె పట్టుకుని నిలబడింది. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి పుట్టినప్పట్నించీ తెలిసిన కూతురు కనక మిరేయ్ ఆ తగ్గిన గొంతు విని బెదిరింది.

బల్ల మీద మొలాసిస్ పాకం సీసా కింద హోమ్ వాళ్ళిచ్చిన కాగితం ఉంది. అందులో రెండు గడులు. మొదటి దాంట్లో టిక్కు పెడితే ముసలాయన వృద్ధుల హోమ్‌లో తన పాత గదికీ, తన వల పనికీ తిరిగి వెళ్తాడు. కాకపోతే పోయిన కొడుకు బతికున్నాడన్న నమ్మకానికి ఇంట్లోవాళ్ళెవరూ ఊతం ఇవ్వబోమని కింద సంతకం చెయ్యాలి. రెండో దాంట్లో పెడితే, అంకెలు నొక్కితే తప్ప తెరుచుకోని తలుపు వెనక వార్డుకి వెళ్తాడు. అక్కడికి సూది, పురికొస లాంటివి రానివ్వరు. నాలుగింటికి డార్లీన్ వచ్చి కాగితం పట్టుకెళ్తుంది. హోమ్‌లో థెరపిస్టు ఆవిడే, మిరేయ్ ప్రాక్టికల్స్ మీద రిపోర్టు రాయాల్సిందీ ఆవిడే.

ఇప్పుడు మూడున్నర కావస్తోంది.

"రెండోదే పెడతాను," అంది ఒదిల్.

"అమ్మా, ఆ తలుపు వెనక ఆయన రోజంతా ఇలాగే గాలిలో అల్లుతూ కూర్చోవాలి. అదేనా నీక్కావలసింది?"

"నాక్కావలసింది ఎవరడిగారు? మంగళవారం తెల్లారేసరికి పక్కింటి ఫెర్నాన్ వెళ్ళి చూడకపోతే ఈపాటికి శవపేటిక కొలతలు చూసుకుంటూ ఉండేవాళ్ళం. ఎక్కడున్నాడు? రాళ్ళకట్ట చివర. నవంబరు గాలిలో, రబ్బరు బూట్లేసుకుని, తెల్ల చేతి తొడుగులు తొడుక్కుని. చేతిని గుండ్రంగా తిప్పుతూ సముద్రంలోకి సైగ చేస్తున్నాడట. రెయాల్ వస్తున్నాడు, వాడితో మాట్లాడాలి అన్నాడట. ఫెర్నాన్ నాకా మాట చెప్పడానికి ఎంత అవస్థ పడ్డాడో తెలుసా? టోపీ తీసి చేతిలో నలుపుతూ పావుగంట వాతావరణం గురించి చెప్పాడు."

రెయాల్ పోయి ఏడేళ్ళయింది. రొయ్యలాంటి లాబ్‌స్టర్లని పట్టే బోనులు సముద్రంలోకి దింపే రోజున ఊళ్ళో బోట్లన్నిటితోపాటు బయల్దేరాడు. మిగతా బోట్లన్నీ తిరిగొచ్చాయి. అతని బోటు చెక్క ముక్క కూడా ఒడ్డుకు కొట్టుకు రాలేదు. చర్చి పక్కన అతని పేరుతో రాయి ఉంది, దాని కింద ఎవరూ లేరు.

ఈ సోమవారం మళ్ళీ బోనులు దింపే రోజు. రేవంతా ఇప్పటికే బోనుల గుట్టలతో నిండిపోయి ఉంది.

"ఆయనకి రెయాల్ వస్తున్నాడని ఎవరు చెప్పారు?" అంది ఒదిల్. "అది చెప్పు నాకు. రెండేళ్ళుగా నోరు తెరవని మనిషి. నీ ఆటల చదువు ఏం చెప్పింది ఆయనకి?"

ఆటల చదువు అనే ఊరంతా అంటారు. రిక్రియేషన్ థెరపీ అని నోరు తిరిగేలా అనేది డార్లీన్ ఒక్కతే. ముసలాళ్ళకి బంతి విసరడానికి నాలుగేళ్ళు దేనికే అని ఫెర్నాన్ ఏటా క్రిస్మస్‌కి అడుగుతాడు, తన జోకుకి తనే నవ్వుకుంటాడు. మిరేయ్ మొదట్లో ఉడుక్కునేది, తర్వాత మానేసింది. ఆమెకా చదువు ఇష్టం. డాక్టరు వచ్చి నీకేం జబ్బు అని అడుగుతాడు. వీళ్ళు వచ్చి, ఏం చేస్తుంటే నీకు పొద్దు తెలిసేది కాదు అని అడుగుతారు. ఆ జవాబు పట్టుకుని మనిషిని తిరిగి నిలబెడతారు.

మనవరాలే తాతకు చికిత్స చెయ్యకూడదని నియమం ఉంది. కానీ తమ ఊరు ప్వాంట్ నోయెల్‌లోని హోమ్‌లో ఉన్న ముప్ఫై మందిలో మిరేయ్‌కి ఏ వరసా కానివాళ్ళు నలుగురో ఐదుగురో ఉంటారు. డార్లీన్ నిట్టూర్చి, ఆల్ఫే కాగితాల మీద తన పేరు రాసుకుని, పనికి మాత్రం మిరేయ్‌నే పంపింది.

ఏం చేస్తుంటే పొద్దు తెలిసేది కాదు తాతయ్యా అని మిరేయ్ అడిగిన రోజు ముసలాయన మాట్లాడలేదు. ఎడమ బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ వేలికి పక్కన, పురికొస అరవయ్యేళ్ళు ఒరుసుకుని చేసిన గాడి ఉంది. లాబ్‌స్టర్ బోనులో బిగించే గరాటు వల అల్లేవాళ్ళ వేలికే ఆ గాడి పడుతుంది. లాబ్‌స్టర్ ఆ గరాటు గుండా లోపలికి రావడమే గానీ బయటికి పోవడం ఉండదు.

కొత్త నైలాను పురికొస తెచ్చి ఇస్తే విసిరికొట్టాడు. రెండో రంగు తెచ్చినా అంతే. అప్పుడు మిరేయ్ ఇంట్లో వెతికి ఒక పాత ఆకుపచ్చ ఉండ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చేతుల్లో తిప్పి చూశాడు. మధ్యాహ్నానికి ఒక వల అయిపోయింది. సాయంత్రానికి, సూప్‌లో ఉప్పు లేదని వంటామెను తిట్టాడు. రెండేళ్ళ తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాటలవి. డార్లీన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, వంటామె మాత్రం వారం రోజులు ముఖం మాడ్చుకుంది.

ఇంతవరకూ రిపోర్టులో రాసి ఉంది. రాయంది ఇంకొకటి ఉంది.

ఉండ పది రోజుల్లో సగానికి వచ్చింది. అలాంటి పురికొస ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. ఏం చెయ్యాలో తోచక మిరేయ్ సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, ఆ రోజు అల్లిన వలలు విప్పేసింది. పురికొస చక్కగా ఉండ చుట్టి మళ్ళీ ఆయన బుట్టలో పెట్టింది. పొద్దున్నకి ఆయనకి గుర్తుండదులే అనుకుంది. మరచిపోయే మనిషి అన్నీ మరచిపోతాడనుకుంది. అప్పట్నించీ ఆరు వారాలుగా రోజూ అదే పని. రిపోర్టులో మాత్రం, రెండు వలలు పూర్తి చేశారు, ఉత్సాహంగా ఉన్నారు అని రాస్తూ వచ్చింది.

అల్లిన వల పొద్దున్నకి బుట్టలో లేకపోతే, కొడుకొచ్చి పట్టుకెళ్ళాడనుకోడా ఆయన? అందుకే రేవుకి వెళ్ళాడు. మిరేయ్‌కి మంగళవారం నించీ ఆ ఆలోచనతో కంటిమీద కునుకు లేదు. తల్లికి చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచింది, మూడుసార్లూ మింగేసింది.

అయితే ఆమెను నిజంగా వణికించేది అది కాదు. ఆదివారం ఆమెకి సెలవు. ఆదివారం ఆమె హోమ్‌కి వెళ్ళదు, ఏదీ విప్పదు. కానీ ప్రతి సోమవారం పొద్దున బుట్టలో చూస్తే ఆదివారం అల్లిన రెండు వలలూ ఉండేవి కావు. పురికొస ఆ మేరకి తగ్గి ఉండేది. మంచం కింద చూసింది, పరుపు కింద చూసింది, ఊడ్చేవాళ్ళని అడిగింది. ఆరు ఆదివారాలు, పన్నెండు వలలు. విప్పుతున్నది తను. పట్టుకెళ్తున్నది ఎవరు?

"నిన్నే అడుగుతున్నాను," అంది ఒదిల్. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"ఆయనకి పని దొరికింది. పని దొరికితే పని కోసం వచ్చేవాళ్ళు గుర్తొచ్చారు. అంతేనమ్మా. ఆయనకి పురికొస ఇస్తే ఇప్పుడు కూడా కుదుటపడతాడు. చూస్తావా?"

తల్లి వద్దనే లోపల మిరేయ్ తన సంచీ తెరిచి ఆకుపచ్చ ఉండ తీసి బల్ల మీద పెట్టింది. ఆ మూడు రోజుల్లో ఆమె చేసిన తెలివితక్కువ పని అదొక్కటే. తర్వాత జరిగిందంతా దాన్నించే జరిగింది.

ఒదిల్ ఆ ఉండ వైపు చూసింది. గరిటె బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"ఇది నా పెట్టెలోది," అంది.

"అవును."

"నా మంచం కింది పెట్టెలోది. బట్టల అడుగున, దుప్పటిలో చుట్టి ఉన్నది."

"కొత్తవి ఆయనకి నచ్చలేదమ్మా. నీకు చెబితే ఇవ్వవని..."

"ఇవ్వను కనక అడగలేదు. తీసుకున్నావు. దీన్నేమంటారు మీ యూనివర్సిటీలో?"

"ఒక పురికొస ఉండమ్మా అది. ఏడేళ్ళుగా పెట్టెలో పడి ఉంది."

"ఆ ఉండ చుట్టింది మీ నాన్న."

మిరేయ్ తల ఎత్తింది.

"తన చేత్తో చుట్టాడు. ఆ చివరి నవంబరులో, ఇదిగో ఈ బల్ల దగ్గర కూర్చుని. చుట్టి బుట్టలో పెట్టాడు. ఆ తర్వాత ఈ తండ్రీ కొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. పదకొండు రోజులు. ఒకే బల్ల దగ్గర తిన్నారు, నా చేత ఉప్పు అడిగించుకున్నారు ఒకళ్ళకొకళ్ళు. బోనులు దింపే రోజున ఊరు ఊరంతా రేవుకొచ్చింది. ఈయన రాలేదు. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. అదీ ఆ ఉండ."

"ఎందుకు? ఏం జరిగింది?"

కిటికీ దగ్గర ముసలాయన ముడి బిగించాడు. మోచెయ్యి వెనక్కి గుంజుకుంది.

"కట్టెలు తేవాలి," అంది ఒదిల్, ఇంకేదో అనబోయి.

బయట వాన అడ్డంగా కొడుతోంది. ఆమె వెనక తలుపు దగ్గరికి వెళ్ళి మేకుకి ఉన్న కోటు తీసి తొడుక్కుంది. పసుపుపచ్చ వానకోటు, రెయాల్‌ది. ఏడేళ్ళుగా ఆ మేకుకే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోగా మిరేయ్ చూడలేదు. తల్లి మాత్రం అటు చూడకుండానే చేతులు దూర్చింది, చూడకుండానే గుండీలు పెట్టుకుంది, టోపీ తల మీదికి లాక్కుంది. రోజూ తొడుక్కునేవాళ్ళు తొడుక్కున్నట్టు తొడుక్కుంది.

తలుపు మూసుకుంది. మిరేయ్ ఉండ తీసుకెళ్ళి తాత ఒళ్ళో పెట్టింది. ఆయన చూడలేదు. చేతులు గాలిలోనే అల్లుతున్నాయి.

"తాతయ్యా, పురికొస ఇదిగో."

"వాడు రానీ," అన్నాడు ఆల్ఫే. ఇంటికొచ్చాక అదే మొదటి మాట. "వాణ్ణి అడగందే ఇంకొక్క ముడి కూడా వెయ్యను."

"ఎవర్ని? ఏమడగాలి?"

వెనక తలుపు తెరుచుకుంది. వానతోపాటు పసుపు కోటు లోపలికొచ్చింది. టోపీ కిందికి దిగి ఉంది, చేతుల నిండా కట్టెలు ఉన్నాయి, ముఖం కనబడటం లేదు.

ముసలాయన చేతులు ఆగిపోయాయి.

"వచ్చావా," అన్నాడు. "ఆదివారం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయావు. కూర్చో. అడగాల్సింది ఉంది."

కోటులోని మనిషి కట్టెలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆదివారం పట్టుకెళ్ళిన రెండూ బిగించావా బోనులకి?" అన్నాడు ఆల్ఫే.

ఆదివారం మధ్యాహ్నాలు నాన్న రాయి దగ్గరికి వెళ్తానని తల్లి చెప్పి వెళ్ళడం మిరేయ్‌కి గుర్తొచ్చింది. మామయ్యని చూడ్డానికి నాకు కాళ్ళు రావు, నా ముఖంలో కొడుకుని వెతుక్కుంటాడు అని అనడం గుర్తొచ్చింది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. తల్లి పక్కనించి దూసుకుని వానలోకి పరిగెత్తింది.

సామాను షెడ్డు తలుపు తాళం వేసి లేదు. లోపల తండ్రి పాత బోనులు గోడ వారన పేర్చి ఉన్నాయి. వాటి వలలు కుళ్ళిపోయి చాన్నాళ్ళయింది. కానీ ముందు వరసలో నాలుగు బోనులు దుమ్ము తుడిచి ఉన్నాయి. ఒక్కొక్క దానికీ మూడేసి ఆకుపచ్చ వలలు, లాగి, బిగించి, అంచు వెంట వరసగా కుట్టి ఉన్నాయి. చీకట్లో కూడా ఆ ఆకుపచ్చ తెలుస్తోంది. ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టక్కర్లేకుండానే తెలిసింది. ఆ పురికొస ఎవరిదో తల్లికి ఆరు వారాలుగా తెలుసన్నమాట.

ఆరు వారాలు ఆమెని హడలగొట్టిన దెయ్యం, నాన్న కోటు తొడుక్కుని ఆదివారాలు హోమ్‌కి వెళ్ళిన తన తల్లి. ఆ మాట అనుకుంటే ధైర్యం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది.

ఒక బోను పట్టుకుని ఆమె తిరిగి వచ్చేసరికి ఒదిల్ ఇంకా కోటులోనే ఉంది. కట్టెలు కింద పెట్టి, ముసలాయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"ఆదివారం పని చేస్తే పాపమంటాడు ఫాదర్," అంటున్నాడు ఆల్ఫే. "నువ్వేమో ఆదివారం అల్లినవే పట్టుకెళ్తావు. సోమవారంవి విప్పేస్తావు. మంగళవారంవి విప్పేస్తావు. విప్పి, ఉండ చుట్టి, మాటా పలుకూ లేకుండా బుట్టలో పెట్టి పోతావు. ఏంటిరా తేడా? అదే చెయ్యి, అదే పురికొస. అది అడుగుదామనే రేవుకొచ్చాను. నువ్వు రాలేదు."

ఒదిల్ నెమ్మదిగా తల తిప్పింది. టోపీ అంచు కింది నించి కూతురి వైపు చూసింది.

"విప్పింది ఎవరు?" అంది. గొంతు దాదాపు వినబడలేదు.

"నేను," అంది మిరేయ్. "పురికొస చాలక. రోజూ సాయంత్రం. ఆయనకి గుర్తుండదనుకున్నాను."

"విప్పి ఏం చేశావు?"

"ఉండ చుట్టి బుట్టలో పెట్టాను."

ఒదిల్ కళ్ళు మూసుకుంది.

"నీకు తెలీదు," అంది. "పద్నాలుగేళ్ళ పిల్లవి అప్పుడు, నీకెవరు చెబుతారు. ముసలాళ్ళు అల్లిన వలల్లో ముడి జారేది ఉంటే బోటువాడు పెద్దవాళ్ళ మొహం మీద అనడు. విప్పి, ఉండ చుట్టి, బుట్టలో తిరిగి పెడతాడు. పెద్దాయన చూసుకుని మళ్ళీ అల్లుతాడు. ఇద్దరూ ఆ ఊసెత్తరు. ఈ తీరంలో అదీ మర్యాద. ఒకటో రెండో అయితే మర్యాద. మీ నాన్న ఆ ఏడు బుట్టెడు వలలూ విప్పేశాడు. ఒక్కటి మిగల్చకుండా."

మిరేయ్ చేతిలో బోను బరువెక్కింది. నీకిక చేతకాదు అని తాత తన కొడుకు చేత ఒక్కసారి అనిపించుకున్నాడు. అదే మాట తను ఆరు వారాలు రోజూ అన్నదన్నమాట. ఉత్సాహంగా ఉన్నారు అని రిపోర్టులో రాసుకుంటూ అన్నది. ఆయన రోజూ పొద్దున ఆ ఉండ చూసుకుని, నోరెత్తకుండా, మళ్ళీ మొదటి ముడి నించీ మొదలుపెట్టాడు.

ఆమె బోను దించి తాత మోకాళ్ళ దగ్గర కూలబడింది.

"తాతయ్యా, నా వైపు చూడు. విప్పింది నాన్న కాదు. నేను. నీ ముడులు జారలేదు. ఒక్కటి కూడా జారలేదు. విప్పడానికి నా గోళ్ళు విరిగాయి, చూడు."

ఆల్ఫే ఆమె గోళ్ళు చూశాడు. తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"మంచి పిల్లవి," అన్నాడు. "మీ నాన్న మీద మాట పడనివ్వవు."

"నిజంగా తాతయ్యా. నాన్న లేడు. నాన్న..."

"నువ్వుండమ్మా. ఇది మగాళ్ళిద్దరి మధ్యది." ఆయన మళ్ళీ కోటు వైపు తిరిగాడు. "చెప్పరా. జారిందా, లేదా?"

ముందు వాకిట్లో కంకర మీద కారు ఆగింది. కారు తలుపు పడింది. మిరేయ్ గోడ గడియారం చూసింది. పది నిమిషాలు ముందే వచ్చింది డార్లీన్. వచ్చేది ఎప్పుడూ ఆవిడ ముందే, తలుపు తట్టేదీ తక్కువే. పోయినవాళ్ళ పేరుతో జవాబు చెప్పకండి, ఎంత ముద్దొచ్చినా చెప్పకండి అని మొదటి రోజునే చెప్పింది ఆవిడ. మిరేయ్ ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది.

"అమ్మా," అంది. "డార్లీన్ గారు వచ్చారు. అమ్మా, కోటు తియ్యి."

ఒదిల్ కదలలేదు. మణికట్టు మీది ముసలి వేళ్ళ వైపు చూస్తోంది.

"ఒదిల్ గారూ, వానకి తడిసిపోయాను, లోపలికి వచ్చేస్తున్నా," అంటూ డార్లీన్ గొడుగు మూస్తూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పసుపు కోటుని చూసింది. నేల మీద బోనుని, మిరేయ్‌ని చూసింది.

ఒదిల్‌కి ఆవిడ వచ్చిన సంగతి తెలుసు. ఈ మాటతో మొదటి గడి పోతుందనీ తెలుసు. తెలిసే అంది.

"జారలేదు నాన్నా. ముడులు బాగున్నాయి. నా కళ్ళే బాగోలేదు ఆ ఏడు."

ఆల్ఫే ఊపిరి వదిలాడు. చాలా పొడుగాటి ఊపిరి అది. మూడు రోజులుగా ఆగని చేతులు దిగి, ఆకుపచ్చ ఉండకి చెరోవైపున, ఒళ్ళో పడుకున్నాయి. డార్లీన్ ఆ చేతుల వైపు చూసింది, కాగితం వైపు చూసింది.

"ఏడేళ్ళు పట్టిందిరా నీకు ఆ మాట అనడానికి," అన్నాడు ఆల్ఫే. నవ్వాడు కూడా. "సరే. నువ్వు చెప్పావు కనక నేనూ చెబుతాను. నేను ఇంట్లో పడుకున్నానని అందరూ అనుకున్నారు. పడుకోలేదు. అందరూ రేవు మీద ఉన్నారు. నేను వెనకదారిన వెళ్ళి రాళ్ళకట్ట చివర నించున్నాను."

ఒదిల్ వీపు నిటారుగా అయింది.

"నువ్వు కట్ట దాటావు," అన్నాడు. "దాటి బోటు తిప్పావు. సూర్యుడు తిరిగే వైపు కాదురా. ఎదురు తిప్పావు."

ఆయన చెయ్యి ఒకటి లేచి గాలిలో గుండ్రంగా తిరిగింది, ఫెర్నాన్ చూసినట్టుగానే. ప్వాంట్ నోయెల్ రేవులో పుట్టిన ఏ మనిషీ బోటుని సూర్యుడికి ఎదురు తిప్పడు, అపశకునమని. పొరపాటున తిప్పితే చూసినవాడు అరుస్తాడు, బోటువాడు తిట్టుకుంటూ వెనక్కొచ్చి మళ్ళీ బయల్దేరతాడు. దానికి పదిహేను నిమిషాలు పడుతుంది.

"రేవు మీదవాళ్ళకి కనబడదు అది. నాకొక్కడికే కనబడింది. అరిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నావు. నా మీద నీకు కోపం, నీ మీద నాకు పంతం. వాడే చూసుకుంటాడులే అనుకున్నాను. అరవలేదు." ఆయన కోటు చేతిని తట్టాడు. "సోమవారం నేనూ వస్తా బోటు మీద. నువ్వెటు తిప్పాలో నేను చెబుతాను. నా బూట్లు ఎక్కడ పెట్టారు వీళ్ళు?"

ఎవరూ బూట్ల కోసం చూడలేదు.

ఒదిల్ తన చెయ్యి ఆయన వేళ్ళలోంచి తీసుకుంది. రెండు చేతులూ ఎత్తి టోపీ వెనక్కి తోసింది. నెరిసిన జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది.

"మామయ్యా," అంది తన గొంతుతో. "మీరు అక్కడున్నారా?"

ఆల్ఫే పసుపు కోటులో ఉన్న ముఖంలోకి చూశాడు. కాసేపు వెతికాడు. తలుపు వైపు చూశాడు, రేవు వైపు చూశాడు, మళ్ళీ ఆ ముఖంలోకి చూశాడు.

డార్లీన్ కాగితాన్ని మొలాసిస్ సీసా కింద నించి తీసి, మడిచి, ఏ గడిలోనూ టిక్కు లేని ఆ కాగితాన్ని గుండెలకి ఆనించుకుంది. "అమ్మా," అంది మిరేయ్. ఒదిల్ వినలేదు. జవాబు కోసం చూస్తోంది.

ముసలాయన ఒళ్ళోంచి ఉండ జారి, పొయ్యి కిందికి దొర్లిపోయింది. ఆయన దాన్ని చూసుకోలేదు. ఎడమ బొటనవేలు మెల్లగా పైకి లేచి, మళ్ళీ వల కన్ను కొలవడం మొదలుపెట్టింది.